అక్క చేయి ఎక్కడ ఆగాలి?

పిల్లల పెంపకం గురించి పాఠకులు పంపిన ప్రశ్నలలో ఈసారి మూడు ఒకే విషయం చుట్టూ తిరిగాయి. చిన్నపిల్లలు సొంతంగా బట్టలు వేసుకోవడం నేర్చుకుంటున్నప్పుడు ఇంట్లోని అక్కలు, అన్నలు చేసే సాయం ఎలా ఉండాలన్నదే ఆ విషయం. అనంతపురం నుంచి వచ్చిన ఉత్తరంలోని చిక్కు పెద్దది కాబట్టి దానికే ఎక్కువ చోటు ఇస్తున్నాను.

ప్రశ్న: మాది అనంతపురం. నేను ఒక బట్టల దుకాణంలో లెక్కలు రాస్తాను. నా భర్త తెల్లవారుజామునే డ్యూటీకి వెళ్ళిపోతారు. పాపకు ఎనిమిదేళ్ళు, మూడో తరగతి చదువుతోంది. బాబుకు మూడేళ్ళ నాలుగు నెలలు, మా వీధిలోని అంగన్‌వాడీకి వెళ్తున్నాడు. ఉదయం బాబుకు స్నానం చేయించడం నా పని, బట్టలు తొడగడం పాప పని అని ఎవరూ చెప్పకుండానే ఏర్పడిపోయింది. మొదట్లో చూడడానికి ముచ్చటగా ఉండేది. రెండు నెలలుగా మాత్రం రోజూ గొడవే. వాడు "అక్కా, నేనే ఏసుకుంటా" అంటాడు, ఒక చేయి దూర్చగానే చొక్కా ఇరుక్కుని ఏడుస్తాడు. బడికి ఆలస్యమవుతుందని పాప వాడి చేతులు పట్టుకుని లాగి తొడిగేస్తుంది. వాడు కోపంతో మళ్ళీ విప్పేస్తాడు. మా అత్తగారేమో "మగపిల్లోడికి ఇప్పట్నుంచే ఎందుకమ్మా ఇదంతా, అక్క తొడుగుతాంది కదా" అంటారు. మొన్న పాప నా దగ్గరకు వచ్చి, "అమ్మా, వాణ్ణి నువ్వే రెడీ చెయ్. నాకు ఇంకా జడే వెయ్యలేదు" అని కళ్ళనీళ్ళు పెట్టుకుంది. ఆ మాట విన్నప్పటి నుంచి నా మనసు కుదురుగా లేదు. మూడేళ్ళు దాటినా బట్టలు వేసుకోలేకపోవడం ఆలస్యమా? నేర్పే పని పాపకు అప్పగించవచ్చా, లేక దాని మీద నా భారం మోపుతున్నానా?

— ఒక తల్లి, అనంతపురం

జవాబు: మీ బాబుకు ఆలస్యమేమీ కాలేదు. ఆ సంగతి ముందే చెప్పేస్తున్నాను, ఎందుకంటే మీ ఉత్తరం రెండోసారి చదివినప్పుడు నా మనసు బాబు దగ్గర కాక, జడ వేయించుకోకుండా నిలబడిన పాప దగ్గర ఆగిపోయింది. ఆమె గురించి కాస్త నిదానంగా మాట్లాడాలి. దానికి ముందు బాబు వయసు పిల్లలకు ఏం వస్తుందో, ఏం రాదో తెలిస్తే మీ ఇంట్లో ముగ్గురి మీదా ఒత్తిడి తగ్గుతుంది.

పిల్లలు వేసుకోవడం కంటే ముందు విప్పుకోవడం నేర్చుకుంటారు. ఏడాదిన్నర పిల్లలు మనం చొక్కా తొడుగుతుంటే చేయి చాపుతారు, నిక్కరు కోసం కాలు ఎత్తుతారు. రెండున్నరేళ్ళకు వదులుగా ఉన్న నిక్కరును, గుండీలు తీసిన చొక్కాను తమంతట తామే విప్పగలుగుతారు. మూడేళ్ళకు వదులు నిక్కరు వంటివి కొన్ని సొంతంగా వేసుకోగలుగుతారు. నాలుగేళ్ళకు కొన్ని గుండీలు విప్పడం, ఐదేళ్ళకు కొన్ని గుండీలు పెట్టుకోవడం వస్తుంది. అమెరికా ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీ 2022లో సవరించి ప్రకటించిన ఎదుగుదల మైలురాళ్ళలో ఉన్న క్రమం ఇది. నూటికి 75 మంది లేదా అంతకంటే ఎక్కువ మంది పిల్లలు ఆ వయసుకు చేయగలిగే పనులనే అందులో చేర్చారు. మూడేళ్ళ నుంచి ప్రతి మెట్టులోనూ "కొన్ని" అన్న మాట ఉండడం గమనించండి. మూడేళ్ళ పిల్లవాడు స్నానాల గది నుంచి వచ్చి, బనీనుతో మొదలుపెట్టి గుండీల దాకా అన్నీ తానే ముగించి నిలబడాలని ఎవరూ ఆశించడం లేదు. మీ బాబు "నేనే" అంటున్నాడంటే నేర్చుకునే కోరిక వచ్చేసింది. చేయి మాత్రం ఇంకా ఆ కోరికకు అందడం లేదు. ఏడుపు పుడుతున్నది ఆ ఎడంలోనే.

చొక్కా ఇరుక్కుంటోందని రాశారు కదా, అది ఎందుకు జరుగుతుందో ఒకసారి దగ్గరగా చూడండి. పెద్దవాళ్ళం ఒక చేయి తొడుక్కుని, రెండో చేతిని వెనక్కి పోనిచ్చి, కంటికి కనబడని చోట వేలాడుతున్న చొక్కా చేతిని వేళ్ళతోనే వెతుక్కుంటాం. మూడేళ్ళ పిల్లవాడికి వెనక ఉన్న ఆ చొక్కా చేయి లేనట్టే లెక్క. ఒక చేయి దూరగానే చొక్కా వీపు మీద బిగుసుకుంటుంది, రెండోది అందదు. దాన్ని పట్టుకోవాలని వాడు గిర్రున ఒక చుట్టు తిరుగుతాడు, చొక్కా కూడా వాడితోపాటే తిరుగుతుంది. దీనికి చాలా తేలికైన ఉపాయం ఒకటి ఉంది. గుండీలు తీసిన చొక్కాను నేల మీద పరిచి, లోపలి వైపు పైకి కనబడేలా రెండు ముందు భాగాలనూ తెరిచి ఉంచండి. కాలరు వాడి పాదాల దగ్గర ఉండాలి. వాడు వంగి రెండు చేతులనూ ఒకేసారి చొక్కా చేతుల్లోకి దూర్చి, చొక్కాను తల మీదుగా వెనక్కి ఎత్తి వేసుకుంటే అది తనంతట తానే వీపు మీదికి జారుతుంది. వాడు వెతుక్కోవలసిందేదీ వెనక ఉండదు, అన్నీ కళ్ళెదుటే ఉంటాయి. టీ షర్టయితే బొమ్మ ఉన్న వైపు నేలకు ఆనించి, కింది అంచు వాడి వైపు ఉంచాలి. ముందు రెండు చేతులు, తర్వాత తల. మన ఇళ్ళలో చల్లని కడప బండల నేల మీద ఈ పాఠం ఎంత బాగా సాగుతుందో నేను చాలాసార్లు చూశాను. ఎత్తైన మంచం మీద పరిస్తే వాడికి వంగే వీలుండదు.

ఇక నేర్పే పద్ధతి. చాలామంది మొదటి మెట్టు పిల్లలకు ఇచ్చి, వాళ్ళు తడబడగానే మిగిలినదంతా తాము పూర్తిచేస్తారు. అప్పుడు పిల్లలకు మిగిలేది తడబాటు ఒక్కటే. మీరు దీన్ని తిరగేయండి. అక్క మొదటి నుంచి దాదాపు చివరి దాకా చేసి, ఆఖరి మెట్టు తమ్ముడికి వదిలిపెట్టాలి. నిక్కరు సంగతే తీసుకుంటే, వాడిని చిన్న పీట మీద కూర్చోబెట్టి, రెండు కాళ్ళూ దూర్చి, మోకాళ్ళ పైదాకా అక్క లాగుతుంది. అక్కడ ఆమె చేయి ఆగాలి. వాడు లేచి నిలబడి నడుము దాకా లాక్కుంటాడు. నాలుగు రోజులు అది తేలికగా సాగాక, అక్క చేయి మోకాళ్ళ కిందనే ఆగుతుంది. తర్వాత చీలమండల దగ్గర. ఆ తర్వాత ఒక కాలు అక్క దూరిస్తే రెండో కాలు వాడే దూర్చుకుంటాడు. ప్రతిరోజూ పని ముగిసేది వాడి చేతిలోనే కాబట్టి "నేనే ఏసుకున్నా" అన్న మాట వాడికి మొదటి రోజే దక్కుతుంది. పీట ఎందుకంటే, ఒంటికాలి మీద నిలబడి రెండో కాలు దూర్చడమన్నది ఆ వయసులో రెండు వేర్వేరు కష్టాలు. కూర్చుంటే ఒకటి తగ్గిపోతుంది.

పాపకు మీరు చెప్పవలసిన మెలకువ మరొకటి ఉంది. ఆమె తమ్ముడికి ఎదురుగా నిలబడి చూపిస్తే ఆమె కుడి వాడికి ఎడమవుతుంది, అంతా తిరగబడుతుంది. వాడి వెనక కూర్చుని, తన చేతులు వాడి చేతుల పక్కనుంచి ముందుకు చాపి చూపిస్తే ఇద్దరి చేతులూ ఒకే దిక్కున కదులుతాయి. బీరువా అద్దం ముందు కూర్చుంటే మరీ మంచిది. నేను కొన్నేళ్ళు చిన్నపిల్లల టీచర్లకు శిక్షణ ఇచ్చాను. "చేయి వేయబోయే ముందు మనసులో పది లెక్కపెట్టండి" అని వాళ్ళకు చెప్పేదాన్ని. పెద్దవాళ్ళకే నాలుగు దాటేసరికి చేయి ముందుకు వచ్చేసేది. ఎనిమిదేళ్ళ పిల్లకు అది ఇంకా కష్టం. అందుకే మీ పాప లాగి తొడిగేసిందని ఆమెను తప్పుపట్టకండి.

1976లో డేవిడ్ వుడ్, జెరోమ్ బ్రూనర్, గెయిల్ రాస్ అనే ముగ్గురు మనస్తత్వవేత్తలు మూడు, నాలుగు, ఐదేళ్ళ పిల్లలకు చెక్కముక్కలతో పిరమిడ్ కట్టడం నేర్పిస్తూ, నేర్పేవారి సాయం ఎప్పుడు పెరగాలో, ఎప్పుడు తగ్గాలో పరిశీలించారు. ఆ సాయాన్ని వాళ్ళు పోల్చినది మన తాపీమేస్త్రీలు కట్టే సారువతో. గోడ లేచేటప్పుడు సారువ తప్పనిసరి, గోడ నిలిచాక దాన్ని విప్పేయడమూ అంతే తప్పనిసరి. ఈ విషయంలో అక్కకు అమ్మకంటే ఒక మేలు ఉంది. మీ పాప గుండీలు నేర్చుకుని మూడు, నాలుగేళ్ళకు మించి ఉండదు. ఎక్కడ వేలు జారుతుందో, తల దూర్చినప్పుడు ఆ కాసేపు చీకటిగా ఉంటే ఎలా ఉంటుందో ఆమెకు ఇంకా గుర్తుంటుంది, మనం మరిచిపోయాం. వాడు కూడా అక్కలా ఉండాలని కోరుకుంటాడు, అమ్మలా ఉండాలని కోరుకోడు. కాబట్టి నేర్పే పని పాపకు ఇవ్వవచ్చా అన్న మీ ప్రశ్నకు నా జవాబు ఇవ్వవచ్చనే. కానీ ఇప్పుడు ఆమె చేస్తున్నది నేర్పే పని కాదు. వాడిని వేళకు తయారుచేసే పని. ఆ రెండింటినీ విడదీయాలి.

ఇక్కడ నా సొంత అనుభవం ఒకటి చెప్పాలి. మా ఇంట్లో అక్కను నేనే. మా అమ్మ పొలానికి వెళ్ళేది, నాకంటే అయిదేళ్ళు చిన్నదైన చెల్లెలిని తయారుచేయడం నా పని. నేను చాలా వేగంగా చేసేదాన్ని. గౌను తల మీదుగా వేసి, వీపు మీద హుక్కులు పెట్టి, బొందు ముడివేసి, రెండు నిమిషాల్లో ముగించేదాన్ని. అందరూ నన్ను మెచ్చుకునేవారు. చెల్లెలు ఒకటో తరగతిలో చేరిన మొదటి వారంలో, బడిలో ఊడిపోయిన బొందును ముడివేసుకోలేక, ఎవరినీ అడగలేక, మధ్యాహ్నం దాకా చేత్తో పట్టుకునే కూర్చుంది. ఇంటికి వచ్చాక ఆ గుప్పిట విప్పితే, అరచేతి చెమటకు తడిసి, బొందు తాడులా పురి తిరిగి ఉంది. ఆ రోజు నా మీద నాకు కలిగిన బాధ ఇప్పటికీ పూర్తిగా పోలేదు. నేను చేసినదాంట్లో ప్రేమకు లోటు లేదు, అయితే ఆమె చేతులకు నేను ఒక్క పనీ మిగల్చలేదు. నాకు ఆ సంగతి చెప్పగలిగిన పెద్దవాళ్ళందరూ వాళ్ళ వాళ్ళ పనుల తొందరలో ఉన్నారు. మీ పాపకు చెప్పడానికి మీరున్నారు.

అందుకని ఉదయం పనినీ సాయంత్రం పనినీ వేరు చేయండి. ఉదయం గడియారం తరుముతుంటే ఎవరూ నేర్వలేరు, నేర్పలేరు. ఉదయం బాబు బట్టల బాధ్యతను పూర్తిగా మీరు తీసుకోండి. అది కుదరని రోజు మీ అత్తగారిని అడగండి. అప్పుడు కూడా నిక్కరు పైకి లాక్కోవడం ఒక్కటి వాడి వాటాగా ఉంచండి. అన్నిటికంటే ముందు పాప జడ వేయండి. చిన్న విషయంలా కనబడుతుంది కానీ, "నా వంతు కూడా ఈ ఇంట్లో ఉంది" అని ఆమెకు రోజూ తెలిసేది ఆ ఐదు నిమిషాల్లోనే. సాయంత్రం స్నానం తర్వాత, అది కూడా ఆమెకు ఇష్టమైన రోజున, పది నిమిషాలు ఆమెను టీచరుగా ఉండనివ్వండి. ఇష్టం లేదన్న రోజున బతిమాలకండి. తమ్ముడికి సాయం చేయడం ఎనిమిదేళ్ళ పిల్లకు మంచిదే. వాడు ఆలస్యమైతే మాట తనకు వస్తుందన్న భయం మాత్రం ఆ వయసుకు తగనిది. మీ ఇంట్లో పెద్దది పాప కాకుండా బాబు అయి ఉంటే ఈ పని ఎవరూ చెప్పకుండానే అతనికి వచ్చి పడేదా అని కూడా ఒక్క క్షణం ఆలోచించండి. మన ప్రాంతంలో ఎంతో మంది ఆడపిల్లలు ఇలాగే, ఎవరూ గట్టిగా చెప్పకుండానే, పదేళ్ళు రాకముందే రెండో అమ్మలైపోయారు.

మీ అత్తగారి మాటకు వాదనకంటే దారి వేరే ఉంది. అంగన్‌వాడీలో బాబు ఒంటికి వెళ్ళాలంటే నిక్కరు తానే దించుకోవాలి, తానే ఎక్కించుకోవాలి. మగపిల్లవాడైనా అక్కడికి అక్క రాదు. ఆ మాట ఆమెకు నెమ్మదిగా చెప్పి, సాయంత్రం పాఠం ముగిశాక వాడు పరుగెత్తుకెళ్ళి చూపించవలసిన మనిషిగా ఆమెను కూర్చోబెట్టండి. మనవడు వచ్చి "జేజీ, చూడు" అన్నప్పుడు ఆమె తప్పకుండా మీ వైపుకు వస్తారు. అంగన్‌వాడీ టీచరుతోనూ ఒకసారి మాట్లాడండి. ఇంట్లో అన్నీ చేయించుకునే పిల్లలు అక్కడ చాలా పనులు సొంతంగా చేసుకుంటుండడం అరుదేమీ కాదు.

బట్టల ఎంపిక గురించి కొద్దిగా. ఎలాస్టిక్ నిక్కరులో మీ రెండు వేళ్ళు సులువుగా దూరాలి. అంతకంటే బిగువైతే వాడి బలం చాలదు. మన ఎండలకు ఒళ్ళు సగం తడిగా ఉండగానే బనీను వేస్తుంటాం. తడి ఒంటికి బనీను చుట్టలా అంటుకుని కిందికి దిగదు, ఎవరు చేసినా ఇరుక్కుంటుంది. ముందు వీపు బాగా తుడవండి. పాప పాత చొక్కాలు బాబుకు వేస్తుంటే ఒక సంగతి చూసుకోండి. మగపిల్లల చొక్కాకు గుండీలు వేసుకున్నవారి కుడి పక్కన, ఆడపిల్లల చొక్కాకు సాధారణంగా ఎడమ పక్కన ఉంటాయి. నేర్చుకునే కొత్తలో రోజుకో రకం వేస్తే చేతికి అలవాటు కుదరదు.

గుండీలకు ఇంకా తొందర లేదు. వాడు నాలుగేళ్ళకు దగ్గరపడ్డాక ఇంట్లోనే మొదలుపెట్టవచ్చు. ఇటలీకి చెందిన విద్యావేత్త మరియా మాంటిస్సోరి పిల్లల బడుల కోసం చెక్క చట్రానికి రెండు గుడ్డలు బిగించి, వాటికి గుండీలు, హుక్కులు, ముడివేసే పట్టీలు కుట్టించారు. ఒంటి మీద నేర్చుకునే ముందు పిల్లలు ఆ చట్రం మీద నేర్చుకోవాలన్నది ఆమె ఆలోచన. ఆమె 1939లో మద్రాసు అడయారుకు వచ్చి, యుద్ధకాలమంతా మన దేశంలోనే ఉండి ఎంతో మంది టీచర్లకు శిక్షణ ఇచ్చారు. మీకు చట్రం అక్కర్లేదు. నాన్న పాత చొక్కాను దిండుకు తొడిగితే సరిపోతుంది. కాజా బాగా వదులైన పాత చొక్కానే ఎంచుకోండి. గుండీలను మళ్ళీ కుట్టేటప్పుడు గుడ్డకు, గుండీకి మధ్య దారాన్ని కాస్త వదులుగా ఉంచి, ఆ దారం చుట్టూ రెండు చుట్లు చుట్టండి. అలా కాడ ఉన్న గుండీ మీద చిన్న వేళ్ళకు పట్టు దొరుకుతుంది. ఒంటి మీద మొదలుపెట్టినప్పుడు కింది గుండీ నుంచి పైకి రావాలి, ఎందుకంటే గడ్డం కింద ఉన్న గుండీ వాడికి కనబడదు. అన్నట్టు, ఊడిన గుండీలను వాడి చేతికి అందకుండా ఉంచండి.

ఒక జాగ్రత్త చెప్పి ముగిస్తాను. నాలుగేళ్ళు వచ్చినా సాయంతో కూడా చేయి దూర్చలేకపోవడం, ఎప్పుడూ ఒకే చేతిని వాడుతూ రెండో చేయి బిగుసుకుని లేదా వేలాడుతూ ఉండడం, వచ్చిన పనులు మరిచిపోతుండడం వంటివి కనబడితే పిల్లల డాక్టరుకు చూపించాలి. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద వైద్య బృందాలు అంగన్‌వాడీ పిల్లలను ఏడాదికి రెండుసార్లు పరీక్షించాలి. ఆ బృందం వచ్చే రోజు టీచరును అడిగి తెలుసుకోండి. మీరు రాసినదాన్ని బట్టి మీ బాబుకు వీటిలో ఏదీ ఉన్నట్టు లేదు.

ప్రశ్న: మా మనవరాలికి నాలుగున్నరేళ్ళు. అన్నీ తానే వేసుకుంటుంది కానీ గౌను వెనకది ముందుకు, చెప్పులు కుడిది ఎడమకు వేసుకుని వస్తుంది. పదేళ్ళ అన్న చూసి పకపకా నవ్వుతాడు. అది అలిగి అన్నీ విప్పేసి, మూల కూర్చుంటుంది. వాడు చెడ్డవాడు కాదు, దాన్ని ప్రాణంగా చూసుకుంటాడు. ఎవరికి ఏం చెప్పాలి?

— ఒక జేజి, కడప

జవాబు: మీ మనవరాలు కష్టమైన భాగమంతా గెలిచేసింది, జేజమ్మా. మిగిలినది గుర్తుపట్టడం మాత్రమే. కుడి, ఎడమ అన్న మాటలు ఆరేడేళ్ళ దాకా పిల్లల మనసులో స్థిరపడవు కాబట్టి ఆ మాటలతో సరిదిద్దబోతే ఆమె ఇంకా గందరగోళపడుతుంది. ఆ మాటల బదులు కంటికి కనబడే గుర్తులు పెట్టండి. గౌను లోపల, మెడ వెనక భాగంలో ఎర్రదారంతో నాలుగు కుట్లు వేయండి. "ఎర్రదారం వీపుకు" అని ఒక్క మాట చెబితే చాలు. చెప్పులకయితే, ఒక పువ్వు బొమ్మ స్టిక్కరును సగానికి కత్తిరించి, ఒక సగం ఒక చెప్పులో, రెండో సగం రెండో చెప్పులో లోపలి అంచుల వైపు అంటించండి. రెండూ పక్కపక్కన పెట్టినప్పుడు పువ్వు పూర్తిగా కనబడితే అవి సరైన వరసలో ఉన్నట్టు.

ఈ రెండు పనులూ అన్న చేతనే చేయించండి. ఏ బొమ్మ కావాలో చెల్లెలిని అడిగి, కత్తిరించి, అంటించి, ఎలా చూడాలో వాడే చెప్పాలి. వాడి నవ్వులో చెడు లేదని మీరే రాశారు. కానీ నాలుగున్నరేళ్ళ పిల్లకు ఆ తేడా తెలియదు, అంత కష్టపడి వేసుకుని వచ్చాక తనను చూసి నవ్వారన్నదే ఆమెకు తెలుసు. ఈ సంగతి వాడికి చెల్లెలు లేనప్పుడు చెప్పండి. పదేళ్ళవాడికి అర్థమవుతుంది. ఆమె గౌను తిరగేసి వేసుకుని అంగడికి పెరుగు తేవడానికి మీ వెంట వస్తే రానివ్వండి, సరిచేసుకుంటావా అని ఒకసారి అడిగి, వద్దంటే వదిలేయండి. చెప్పుల సంగతి మాత్రం వదలకండి, అటూ ఇటూ వేసుకుని పరుగెత్తితే తట్టుకుని పడుతుంది.

ప్రశ్న: మాది కర్నూలు పాతబస్తీ. చిన్నవాడికి ఐదేళ్ళు. అరబ్బీ పాఠానికి వెళ్ళేటప్పుడు పైజామా, కుర్తా వేసుకుంటాడు. పన్నెండేళ్ళ పెద్దవాడు జారిపోకూడదని నాడా గట్టిగా బిగించి ముడివేస్తాడు. మొన్న చిన్నవాడు పాఠం మధ్యలో ఒంటికి వచ్చినప్పుడు ముడి విప్పుకోలేక పైజామా తడిపేసుకున్నాడు. తోటి పిల్లల ముందు సిగ్గుపడి ఇప్పుడు వెళ్ళనంటున్నాడు. అన్నకు కూడా తన వల్లే అయిందని దిగులు.

— ఒక తల్లి, కర్నూలు

జవాబు: ముందు ఇద్దరినీ కూర్చోబెట్టి ఇది ఎవరి తప్పూ కాదని చెప్పండి. పెద్దవాడు జారిపోకూడదనే ఆలోచించాడు. విప్పాల్సి వస్తుందన్న ఆలోచన పెద్దవాళ్ళకు కూడా తట్టదు. పిల్లలకు వేసే ఏ బట్టనయినా, ముఖ్యంగా నడుము దగ్గరి బట్టను, వాళ్ళు ఒక్కచేత్తో గబగబా విప్పుకోగలరా అన్నది మొదట చూడాలి. ఒంటికి వచ్చిందని పిల్లలు చెప్పేది ఆఖరి నిమిషంలోనే. ఆ ఆత్రంలో ముడి మరింత బిగుస్తుంది.

ఐదేళ్ళవాడికి నాడా ముడివేయడం రాకపోవడం సహజం. చెప్పులేసు ముడిలాంటివి చాలామంది పిల్లలకు ఆరేళ్ళ ప్రాంతంలోనే పట్టుబడతాయి. అందుకని ఇప్పటికి వాడి పైజామాలన్నిటిలోనూ నాడా తీసేసి ఎలాస్టిక్ వేయించండి. నాడా ఎక్కించే పద్ధతిలోనే, ఎలాస్టిక్ కొసకు ఒక పిన్నీసు గుచ్చి గొట్టంలోంచి దూర్చుకుంటూ పోతే దర్జీ దగ్గరికి కూడా వెళ్ళనక్కర్లేదు. రెండు కొసలూ కలిపి గట్టిగా కుట్టేయండి. పిన్నీసు పని పెద్దవాడికి ఇవ్వండి, వాడి దిగులుకు అది మంచి మందు. కుర్తా మోకాళ్ళ కిందికి ఉంటే ఒంటికి వెళ్ళేటప్పుడు అది కూడా అడ్డుపడుతుంది. కుర్తా కింది అంచును మడిచి గడ్డం కింద నొక్కిపట్టుకోవడం అన్న వాడికి చేసి చూపించాలి. ఇంట్లోనే నాలుగైదుసార్లు, తొందర లేనప్పుడు, నవ్వుకుంటూ సాధన చేయించండి.

నాడా నేర్పాలనుకుంటే అది వేరే పాఠం. మంచం కోడుకు ఒక లావుపాటి నాడా కట్టి, రెండు కొసలకూ రెండు రంగులు వేయించండి. ముందు అన్న వేసిన జారుముడిని చిన్నవాడు కొస పట్టుకుని లాగి విప్పాలి. ఒక్క లాగుకు ముడి మాయమైనప్పుడు వాడికి ఎంత సంతోషమో మీరే చూస్తారు. వారం, పది రోజులు విప్పడమే ఆట. ముడివేయడానికి చేతులు వాటంతట అవే ముందుకు వచ్చాకే ఆ రెండో భాగం మొదలుపెట్టండి.

మళ్ళీ పాఠానికి వెళ్ళే మొదటి రోజు అన్న వెంట వెళ్ళి, బయలుదేరే ముందు ఇంట్లోనే ఒకసారి ఒంటికి తీసుకెళ్ళి, అక్కడ ఎటు వెళ్ళాలో చూపించి రమ్మనండి. పాఠం చెప్పే పెద్దాయనతో మీరు ముందే ఒక మాట చెప్పి ఉంచితే, చిన్నవాడు చేయి ఎత్తగానే ఆయన పంపిస్తారు. మొదటి కొన్ని రోజులు ఇంకొక పైజామాను వాడి సంచిలో అడుగున పెట్టండి. అది అక్కడ ఉందని వాడికి తెలియనివ్వండి.